నానబెట్టిన నిధి

ఇందుమతికి మొగుడి మీద చెప్పుకోదగ్గ ఫిర్యాదులేమీ లేవు. మాలకొండయ్య తాగడు, పేక ముట్టడు, కూరలో ఉప్పు తక్కువైతే అడిగి వేయించుకుంటాడే గాని కంచం విసరడు. ఆయనకున్నది ఒకటే జబ్బు. మంచిమాట విని ఊరుకోడు, అమలు చేస్తాడు. మొలకలు ఒంటికి మంచివని ఎవరో చెప్పిన ఏడాది ఆ ఇంట్లో ఏ గిన్నె మూత తీసినా ఏదో ఒక గింజ తోక బయటపెట్టి చూస్తూ ఉండేది. వెనక్కి నడిస్తే మోకాళ్లు బాగుపడతాయని విని, వెనక్కి నడిచి, పాలాయన సైకిలు మీద పడి, బాగున్న మోకాలు పగలగొట్టుకున్నాడు. సహకార శాఖలో ఆడిటరుగా చేసి రిటైరైన మనిషి. ఎదుటివాళ్ల తప్పులు కనిపెట్టడమే ఉద్యోగంగా బతికాడు కాబట్టి సొంత తప్పులు కనిపెట్టడం ఆయన పరిధిలోకి ఎప్పుడూ రాలేదు.

అలాంటి మనిషి ఒక పొద్దున ఫోనులో కోటు తొడుక్కున్న కుర్రాడెవరో చెప్పేది విన్నాడు. మీ ఇంట్లో రోజూ ఏది అరుగుతుందో చూడండి, అది తయారుచేసే కంపెనీలో వాటా కొనండి అన్నాడా కుర్రాడు. మాలకొండయ్య వెంటనే లేచి దొడ్లోకి వచ్చాడు. ఇందుమతి అంట్లు తోముతోంది. ఆమె వెనక నిలబడి సబ్బు సీసా వంకా ఆమె చేతుల వంకా మార్చి మార్చి చూశాడు.

"ఏందండీ, కొత్తగా చూస్తుండారు?"

"నువ్వు తోము. నేను పరిశోధన చేస్తుండా."

"ఇన్నేళ్ల కాపరం తర్వాతైనా అంట్లు ఎట్టా తోముతారో చూడాలనిపించింది, సంతోషం. ఇంద, ఈ మూకుడు పట్టుకుని ప్రయోగం కూడా చెయ్యండి."

ఆయన మూకుడు పట్టుకోలేదు. "ఇందూ, కష్టకాలం వస్తే మనిషి సినిమా మానేస్తాడు. బంగారం కొనడం మానేస్తాడు. తోమడం మానతాడా? ఉతకడం మానతాడా?"

"మనుషుల సంగతి తెలియదు గాని, మీరు తోముతానంటే నేనైతే ఈ నిమిషమే మానేస్తా."

ఈ పరిశోధన ఇంటి గోడల మధ్యే ఆగిపోతే ఇదింకో రకం మొలకలని ఇందుమతి సర్దుకుపోయేది. కానీ మాలకొండయ్య, ఒంగోలు శివారులో వాళ్లుండే ఉద్యోగుల కాలనీకి సంక్షేమ సంఘ కార్యదర్శి. ఆ కాలనీలో బోరు నీళ్లు ఉప్పు కషాయం. పప్పు ఉడకదు, సబ్బు నురగదు, కొన్న నెలకే బకెట్టు లోపల తెల్లగా పొలుసు కడుతుంది. అందుకని కాలనీవాళ్లు ఏళ్ల తరబడి చందాలేసుకుని, ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు నుంచి పైపు వేయించుకోవడానికి నిధి పోగేశారు. తీరా డబ్బు సిద్ధమయ్యేసరికి మునిసిపాలిటీ సిద్ధంగా లేదు. అంచనాలు తయారవుతున్నాయి, అవగానే కబురు పెడతాం, అప్పుడు కట్టండి అన్నారు.

ఆ కబురు వచ్చేదాకా అంత డబ్బు బ్యాంకులో పడుకుని నిద్రపోవడం మాలకొండయ్యకు కంటగింపయింది. సర్వసభ్య సమావేశం పెట్టించాడు. సంఘానికి అధ్యక్షుడు కోటిలింగం, తహసీల్దారుగా చేసి దిగినాయన. ఆయన కుర్చీలోంచి దిగి చాలాకాలమైంది గాని కుర్చీ ఆయనలోంచి ఇంకా దిగలేదు. గొంతు సవరించుకుని చదివాడు.

"కాలనీ మంచినీటి నిధిని, ప్రజల నిత్యజీవితముతో విడదీయరాని సంబంధము గలిగిన ధవళ గృహశుభ్రతా ఉత్పత్తుల కంపెనీ వాటాలయందు తాత్కాలికముగా నిలిపి ఉంచుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

ఇందుమతి చెయ్యెత్తింది. "పైపు కోసం దాచుకున్న డబ్బుతో సబ్బెందుకండీ?"

"సబ్బు కాదు చెల్లెమ్మా. సబ్బు కంపెనీ" అన్నాడు కోటిలింగం.

"సబ్బయితే కనీసం ఇంటికిన్ని పంచుకునేవాళ్లం గదా."

కానీ ఏకగ్రీవమని అప్పటికే రాసేశారు. రాసిన కాగితంలో కొట్టివేతలుంటే బాగుండదని ఆమె చేతిని దించమన్నారు.

వాటాలు కొన్నాక కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "ప్రియమైన యజమాని గారికి" అని మొదలైంది. అందరికీ అచ్చేసి పంపే మర్యాదది. కోటిలింగం మాత్రం దాన్ని నియామక పత్రంలాగా తీసుకున్నాడు. ఆ సాయంత్రమే చెంచయ్య కిరాణా కొట్టుకు వెళ్లి, ధవళ ప్యాకెట్లు వెనక వరసలో ఉన్నందుకు చెంచయ్యను మందలించి, తన కండువాతో వాటి మీద దుమ్ము దులిపి ముందు వరసలో పెట్టించాడు. "మా సరుకును ఇట్టా చూసుకుంటే ఎట్టాగయ్యా?" అన్నాడట.

మూడు నెలలు తిరక్కుండా షేరు ధర జారింది. ప్రజలు ఇళ్లల్లో పొదుపుగా వాడుతున్నందున అమ్మకాలు మందగించినవని కంపెనీ వివరణ ఇచ్చింది. కోటిలింగం ఆ కాగితం పట్టుకుని ఆలోచిస్తూ సొంత ఇంటి దొడ్లోకి వెళ్లాడు. అక్కడ ఆయన భార్య, అరిగి రేకైపోయిన బట్టల సబ్బును కొత్త సబ్బు వీపు మీద పెట్టి బొటనవేలితో అదుముతోంది. పక్కనే అడుగంటిన అంట్ల సబ్బు సీసాలో నీళ్లు పోసి, కుదిపి, నిండు సీసాలాగా నిలబెట్టి ఉంది. కోటిలింగానికి కాళ్ల కింద భూమి కదిలింది. శత్రువు తన చూరు కిందే కాపరం చేస్తున్నాడు.

మర్నాడు నోటీసు బోర్డు మీద మొదటి సర్క్యులర్ పడింది.

"అరిగిన సబ్బును కొత్త సబ్బునకు అతికించు దురాచారమును, అడుగంటిన సీసాలో నీళ్లు పోసి కుదుపు అలవాటును సంఘ ప్రయోజనములకు భంగకరములుగా పరిగణించి తక్షణమే నిషేధించడమైనది. కుంకుడుకాయ, సీకాయ, బూడిద, కొబ్బరిపీచులను ప్రత్యర్థి సంస్థలుగా ప్రకటించడమైనది."

పక్కింటి దీనమ్మ టీచర్ కళ్లజోడు సర్దుకుని రెండోసారి చదివింది. "కొబ్బరిపీచుకు కూడా కంపెనీ ఉందా వదినా?"

"ఎందుకు లేదు, మా పెరట్లో చెట్టు" అంది ఇందుమతి.

తనిఖీలు మొదలయ్యాయి. అధ్యక్షుడూ కార్యదర్శీ ఇంటింటికీ వచ్చి అంట్ల సబ్బు సీసా తలకిందులు చేసి చూసేవాళ్లు. చిక్కటి ద్రవమైతే బద్ధకంగా దిగుతుంది, నీళ్లు కలిసిందైతే పరుగెత్తుకొస్తుంది. ఇందుమతి ఇంట్లో అది పరుగెత్తుకుని వచ్చి కోటిలింగం చేతి గడియారం మీద పడింది.

"పల్చన" అన్నాడు కోటిలింగం, శవపంచాయతీ చేసే గొంతుతో.

"నిన్న మీరు మా ఇంట్లో తాగిన మజ్జిగ ఇంతకన్నా పల్చనండీ అన్నయ్యగారూ. అప్పుడు చల్లగా ఉందన్నారే!"

మాలకొండయ్య ఆ మధ్యాహ్నం హాల్లో కూర్చుని సంజాయిషీ నోటీసు రాశాడు. రాసి, లేచి, వంటింట్లోకి నడిచి పెళ్లాం చేతికిచ్చాడు. అందినట్లు సంతకం అడిగాడు. ఇందుమతి తడిచేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టింది. ఆమె చీరాల కాలేజీలో బి.ఏ. చదివిన మనిషి. పోపు చల్లారేలోగా జవాబు రాసిచ్చింది.

"తమకు విన్నవించుకొనునది ఏమనగా, సదరు సీసాలో నీళ్లు పోయుట మా అత్తగారి హయాం నుండి వచ్చుచున్న ఆనవాయితీ. సదరు అత్తగారు తమ తల్లిగారే అయినందున మొదటి సంజాయిషీ వారి నుండి కోరవలసినది. వారు స్వర్గస్థులైనందున, వారు హాజరగు పర్యంతము ఫైలును పెండింగునందు ఉంచ ప్రార్థన."

మాలకొండయ్య రెండుసార్లు చదివాడు. ఎక్కడా లోపం కనబడలేదు. ఫైలు పెండింగులో పెట్టాడు.

ఆ క్షణంలో ఇందుమతికి ఒక సంగతి బోధపడింది. వీళ్లకు తెలుగులో చెబితే తలకెక్కదు, ఆఫీసు తెలుగులో రాసిస్తే ఏదైనా ఎక్కుతుంది.

ఇంతలో ఇంకో వింత జరిగింది. దీనమ్మ టీచర్ సెలవులని దుప్పట్లన్నీ నానబెట్టిన మర్నాడు షేరు ధర కాస్త లేచింది. కోటిలింగం ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, శాలువా తెచ్చి టీచర్‌కు కప్పాడు. టీచర్ ఆ శాలువాను కూడా ఉతకాలేమోనని భయపడింది. నాలుగు రోజులకు ధర మళ్లీ పడింది. ఎవరింట్లో ఉతుకుడు ఆగిందని విచారణ జరిగింది. మూడో వీధి రమీజా, అక్క కూతురి నిశ్చితార్థానికి కందుకూరు వెళ్లి రెండ్రోజులు ఉండిపోయిందని తేలింది.

"నేను కందుకూరు పోతే బొంబాయిలో షేరు పడిందా సార్?" అని రమీజా నోరు తెరిచింది.

"ధోరణి చూడమ్మా, ధోరణి" అన్నాడు మాలకొండయ్య. "ఎవరు ఊరెళ్లినా ఉతుకుడు బాధ్యత పక్కింటికి లిఖితపూర్వకంగా అప్పగించి వెళ్లాలి. ఇది రెండో సర్క్యులర్."

కట్టి విప్పిన ప్రతి బట్టా అదే రోజు ఉతకాలని మూడోది. గుమ్మం ముందు పట్టలూ కర్టెన్లూ ప్రతి ఆదివారం అని నాలుగోది. కాలనీ ఆడవాళ్ల చేతులు ఆ ఉప్పునీళ్లలో, ఆ సబ్బు పొడిలో నాని నాని పొరలు లేచాయి. ఒక సాయంత్రం రమీజా వచ్చి ఇందుమతి ముందు అరచేతులు చాపింది. వేళ్ల సందుల్లో ఎర్రగా పగిలి ఉన్నాయి.

"రొట్టెలకు పిండి కలిపితే భగ్గుమంటుందక్కా. పైపు వస్తదని చందా కట్టినా. ఈ చేతులకా కట్టింది?"

ఇందుమతి కొబ్బరినూనె తెచ్చి ఆ వేళ్లకు రాసింది. రమీజా వెళ్లాక కాగితం తీసుకుని అర్జీ రాసింది.

"ఉతుకుటకు మేము సర్వసన్నద్ధులమై ఉన్నాము. అయితే ఉతికిన బట్టలనే మళ్లీ ఉతుకుచున్నందున మురికి లభ్యత నానాటికీ తగ్గిపోవుచున్నది. కాలనీలో నెలకొన్న తీవ్ర మురికి కొరతను తీర్చుటకు తగు చర్యలు తీసుకొన ప్రార్థన."

ఇది చదివి కనీసం ఒక్కడైనా నవ్వుతాడని, నవ్వితే పని సగం అయినట్లేనని ఆమె ఆశ. ఎవరూ నవ్వలేదు. కార్యవర్గం అత్యవసరంగా సమావేశమయ్యింది.

"సర్వీసులో ఎన్ని కరువు మండలాలు చూశాను" అన్నాడు కోటిలింగం బరువుగా. "ఇట్టాంటి కరువు చూడలేదు."

ఆ విధంగా మరకల ఆదివారం అమల్లోకి వచ్చింది. కమ్యూనిటీ హాల్లో సామూహిక భోజనం. తెల్లబట్టలు తప్పనిసరి, చెంచాలు నిషిద్ధం, వడ్డన గోంగూర, పప్పుచారు, ఆవకాయ. పిల్లలు కాళ్లు కడుక్కోకుండా లోపలికి రావాలి. ప్రారంభోత్సవం నిమిత్తం కోటిలింగం మల్లెపువ్వులాంటి పంచెలో నిలబడి, ఆవకాయ నూనె గరిటెడు తీసుకుని తన ఒళ్లోనే పోసుకున్నాడు. చప్పట్లు మోగాయి. "మరకే మన మూలధనం" అని మాలకొండయ్య ఉపన్యసించాడు. చివరి వరసలో ఆ పంచె ఉతకాల్సిన మనిషి, అంటే కోటిలింగం భార్య, కళ్లు మూసుకుని కూర్చుంది.

మునిసిపాలిటీ కబురు ఆ మర్నాడే వచ్చింది. ఇంజనీరు సాంబశివ స్వయంగా వచ్చి, అంచనాలు పూర్తయ్యాయనీ, శుక్రవారంలోగా డబ్బు కడితే నెలలో పైపు వేస్తామనీ, కట్టకపోతే ఆ పైపు పక్క కాలనీకి వెళ్తుందనీ, మళ్లీ ఎప్పుడో తాను చెప్పలేననీ అన్నాడు. బుధవారం సాయంత్రం వచ్చి జవాబు తీసుకుంటానన్నాడు.

పైపు వస్తోందన్న సంతోషంతో రమీజా ఆ రాత్రి సేమియా చేసి అందరికీ పంచింది. ఇందుమతి సేమియా గిన్నె మొగుడి ముందు పెట్టి అడిగింది. "వాటాలు ఎప్పుడు అమ్ముతుండారు?"

"అమ్మితే నష్టమే ఇప్పుడు."

"అమ్మకపోతే?"

"అమ్మనంత సేపూ అది నష్టం కాదే. ఇంకా రాని లాభం."

"పైపు పోతే అది కూడా ఇంకా రాని పైపు అనుకోమంటారా?"

మాలకొండయ్య సేమియాలో జీడిపప్పు వెతుక్కున్నాడు.

అసలు పిడుగు మరుసటి రోజు కార్యవర్గంలో పడింది. కోటిలింగం విజయవాడలో కూతురింట్లో ఉండి వచ్చిన అనుభవం చెప్పాడు. అక్కడ మంచినీళ్లు. చెంచా పొడి వేస్తే బకెట్టు నిండా నురుగు. అదే మన ఉప్పునీళ్లలో గుప్పెడు పోసినా నురగదు, ఇంకో గుప్పెడు పోయాల్సిందే.

"ఆలోచించు మాలకొండయ్యా. మంచినీళ్లొస్తే ఇంటింటికీ పొడి వాడకం సగానికి సగం పడిపోతుంది. మన నీళ్లతో మన కంపెనీని మనమే ముంచుకుంటామా?"

మాలకొండయ్య లెక్క వేసి చూశాడు. పైపు కోసం పెట్టిన డబ్బు పైపునే వద్దంటోంది. తర్కంలో ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపించింది గాని, ఎక్కడుందో వెతికితే మొదటిదాకా వెళ్లాల్సి వచ్చేలా ఉంది. అంత దూరం వెళ్లడం ఆయనకు ఇష్టం లేకపోయింది. పెన్ను తీసి తీర్మానం ముసాయిదా తానే రాశాడు. బుధవారం సాయంత్రం మాలకొండయ్య ఇంటి వరండాలోనే ఇంజనీరు ముందు దాన్ని ఆమోదించాలనుకున్నారు. దానికి ముందు షేరుకు ఊపు తేవడానికి, ఆ రోజు పొద్దుటి నుంచి కాలనీలో మహా ఉతుకుడు జరపాలని చివరి సర్క్యులర్ వేశారు.

ఇందుమతి సర్క్యులర్ చదివి ఇల్లిల్లూ తిరిగింది. "ఇన్నాళ్లూ మనం ఏదో చేశామనిపించాం. ఈ ఒక్క రోజు అక్షరం పొల్లుపోకుండా పాటిద్దాం" అని మాత్రం చెప్పింది. ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

బుధవారం తెల్లవారగానే కాలనీ అంతా బయటికొచ్చింది. చీరలు, చొక్కాలు తొందరగానే అయిపోయాయి. తర్వాత బొంతలు వచ్చాయి. పరదాలు, సోఫా గుడ్డలు, దిండు గలీబులు, మంచం నవారు, స్కూటర్ల మీద కప్పే పట్టలు. దీనమ్మ టీచర్ బడి జెండా ఒక్కటీ వదిలేసి బడిలోని బల్లగుడ్డలన్నీ తెచ్చింది. కోటిలింగం భార్య ఆయన పాత ఆఫీసు కోటును బయటికి తీసి, "సర్క్యులర్ ప్రకారమే గదా" అని అడిగి మరీ తొట్టిలో ముంచింది. బోరు మోటారు పొద్దుటి నుంచి ఆగకుండా మొరుగుతూనే ఉంది. సాయంత్రమయ్యేసరికి దాని గొంతు మారింది.

వరండాలో కుర్చీలు వేశారు. కార్యవర్గం వచ్చింది. ఇంజనీరు సాంబశివ వచ్చి కాఫీ తాగుతున్నాడు. ఆడవాళ్లంతా పిండిన బట్టల బకెట్లతో గేటు దగ్గర నిలబడ్డారు. మాలకొండయ్య మీటింగుకు తాజాగా కనబడాలని స్నానానికి వెళ్లాడు. ఒంటి నిండా సబ్బు పట్టించాడు. అప్పుడు కుళాయి ఒకసారి దగ్గి, గాలి వదిలి, ఊరుకుంది.

"ఏమే ఇందూ! నీళ్లాగిపోయినయ్!"

ఇందుమతి స్నానాల గది తలుపు దగ్గరికి వెళ్లింది. "బోరు ఎండిందండీ. ట్యాంకులో చుక్క లేదు."

"బకెట్టులో?"

"పరదాలు."

"కళ్లు మండుతుండాయే! ఒళ్లంతా పెరుగు పూసినట్టుంది, జారదు, తుడిస్తే పోదు!"

"ఏ సబ్బండీ?"

"ధవళ."

"మన కంపెనీదే గదా. ఓర్చుకోండి."

వరండాలో కోటిలింగం గడియారం చూసుకున్నాడు. కార్యదర్శి తలుపు వెనక ఉన్నా వినబడే దూరంలో ఉన్నారు కనుక హాజరైనట్లే పరిగణించడమైనదని ప్రకటించి, కాగితం తీసి, లోపలికి కూడా వినబడేంత గట్టిగా చదివాడు.

"ఉప్పునీటి వలన సబ్బు వినియోగము అధికముగా ఉన్నందునను, మంచినీటి వలన అది క్షీణించు ప్రమాదమున్నందునను, మంచినీళ్లు ఈ కాలనీ ప్రయోజనములకు విరుద్ధములని..."

ఇంజనీరు కాఫీ కప్పు కింద పెట్టాడు. ఆయన సర్వీసులో నీళ్లు చాలవని కొట్టుకున్నవాళ్లను చూశాడు గాని, నీళ్లు విరుద్ధమన్నవాళ్లను చూడలేదు.

"ఎవడయ్యా అది రాసింది?" అని స్నానాల గది వెంటిలేటర్‌లోంచి కేక వచ్చింది.

కోటిలింగం కాగితం తిరగేసి చూశాడు. "మీరే కార్యదర్శిగారూ. మీ చేతిరాతే."

గేటు దగ్గర ఎవరి బకెట్టులోంచో నీళ్లు కారుతున్న చప్పుడు వినబడింది. తర్వాత మాలకొండయ్య గొంతు తగ్గించి అన్నాడు. "ఆ వాక్యం కొట్టేయండి. ఎక్కడో పొరపాటు జరిగినట్లు గుర్తించడమైనదని రాయండి."

కోటిలింగం పెన్ను తీశాడు. ఇందుమతి తాగే నీళ్ల క్యాను లోంచి బిందె నింపుకుని తలుపు దగ్గరికి తెచ్చి కింద పెట్టింది. బిందె చప్పుడు లోపలికి వినబడింది. తలుపు ఓరగా తెరుచుకుని ఒక తెల్లటి చెయ్యి బయటికొచ్చింది.

ఆమె బిందెను ఆ చేతికి అందించింది. బేరమాడలేదు. "జారుతుంది, జాగ్రత్త" అంది. "రమీజా చేతులు పగిలి రొట్టె చెయ్యలేకపోతోందండీ. గేటు దగ్గర నిలబడి ఉండాది."

నీళ్లు ఒంటి మీద పడ్డ చప్పుడు వినబడింది. మంచినీళ్లు. ఒళ్లంతా పట్టుకుపోయిన జిగురు ఆ ఒక్క బిందెకే జారిపోయి ఉండాలి. లోపలి మనిషి ఊపిరి వదిలాడు. తర్వాత తలుపు పూర్తిగా తెరుచుకుంది. తువ్వాలు చుట్టుకుని, చెవుల్లో ఇంకా సబ్బుతో, మాలకొండయ్య నేరుగా వరండాలోకి నడిచాడు. ఇంజనీరు లేచి నిలబడ్డాడు. ఆడవాళ్లు మొహాలు తిప్పుకోలేదు.

"రేపు పొద్దున వాటాలన్నీ అమ్మేస్తాం సార్. శుక్రవారం డబ్బు కడతాం. తగ్గిన డబ్బు కార్యవర్గం వేసుకుంటుంది."

"కార్యవర్గం అంటే?" అన్నాడు కోటిలింగం ఆందోళనగా.

"అంటే మనం." మాలకొండయ్య గేటు వైపు తిరిగాడు. రమీజా వంక, టీచర్ వంక చూసి, చివరికి పెళ్లాం వంక చూశాడు. ఒక మాట అన్నాడు. ఉద్యోగంలో ఎంతోమంది చేత అనిపించిన మాట అది, తనెప్పుడూ అని ఎరగడు.

"తప్పు నాదే ఇందూ. జనం నీళ్లడిగితే నేను సబ్బు కొన్నా."